గుటక వేసేంత సేపు

యోబు భక్తుడు బూడిదలో కూర్చుని దేవునితో వాదించిన మాటల్లో ఒకటి ఉంది. ఒళ్లంతా కురుపులు. పక్కన ఓదార్చడానికని వచ్చి ఉపన్యాసాలిస్తున్న స్నేహితులు. అప్పుడాయన దేవుణ్ణి అడిగిన వరం చాలా చిన్నది. ఒక్క గుటక వేసేంత సేపైనా నన్ను నా మానాన వదిలెయ్యవా అన్నాడు (యోబు 7:19). హీబ్రూ మూలంలో అది ఉమ్మి మింగేంత సేపు. మన తెలుగు అనువాదకులు చక్కగా 'గుటక' అన్న మాట వాడారు. రెప్పపాటు కాలమని మనం అన్నట్టే, అంతకంటే తక్కువ వ్యవధి లేదని చెప్పడానికి ఆ మనుషులకు అదొక నానుడి.

అయితే ఆ గుటకే పడనివారు మన మధ్య ఉన్నారు. పక్షవాతం వచ్చినవారు, పార్కిన్సన్స్ జబ్బుతో ఉన్నవారు, నోటి కేన్సర్‌కో గొంతు కేన్సర్‌కో రేడియేషన్ తీసుకున్నవారు, తలకు దెబ్బ తగిలి లేచినవారు. వారికి ఒక్కో ముద్దకు నిమిషం పడుతుంది, ఒక్కో పూట భోజనానికి ముప్పావుగంట. చర్చిలో మనం చూపు లేనివారి కోసం, నడవలేనివారి కోసం ప్రార్థిస్తాం. మింగలేనివారి కోసం ప్రార్థన చేయగా విన్నది అరుదు. ఆ బాధ బయటికి కనబడదు మరి! తినడం లేదంటే ఆకలి లేదనుకుంటాం, మొండితనం అనుకుంటాం. బాగా దగ్గరివాళ్లైతే 'బతకాలని లేదేమో' అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తారు.

ఇంతకీ గుటక అంటే ఏమిటి? నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతు దాటాలంటే ముప్ఫైకి పైగా కండరాలు, మెదడు నుంచి వచ్చే ఐదు జతల నాడులు కలిసి పనిచేయాలి. నమలడం, నాలుకతో వెనక్కి నెట్టడం వరకే మన ఇష్టం. ఆ తరువాత జరిగేది మన చేతిలో లేదు. ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. స్వరపేటిక పైకి లేస్తుంది, స్వరతంతువులు దగ్గరికి వచ్చి మూసుకుంటాయి, శ్వాసనాళం మీదికి ఆకులాంటి చిన్న మూత వంగుతుంది, వెనక ఆహారనాళం ద్వారం తెరుచుకుంటుంది. ఇదంతా సుమారు ఒక సెకను పని! గాలికీ అన్నానికీ గొంతులో కొంత దూరం ఒకటే దారి కాబట్టి ఈ కాపలా. నిద్రలో కూడా ఉమ్మి మింగుతూ రోజుకు కొన్ని వందల సార్లు ఈ పని చేస్తాం, ఒక్కసారీ తలచుకోం.

తలచుకోవడమంటే గుర్తొచ్చింది. అన్నం తింటూ పొలమారితే మన ఇళ్లలో పెద్దవాళ్లు నెత్తిమీద తట్టి 'ఎవరో నిన్ను తలుచుకుంటున్నారు' అంటారు. క్రైస్తవ ఇళ్లలోనూ ఈ మాట పోలేదు, దాన్ని నేను తప్పు పట్టను కూడా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎప్పుడో ఒకసారి పొలమారిందంటే, పక్కదారి పట్టిన మెతుకును దగ్గు బయటికి తోసిందనే అర్థం. కాపలా సరిగానే ఉంది. కానీ జబ్బుపడి లేచిన మనిషికి ప్రతి పూటా పొలమారుతూ ఉంటే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వి ఊరుకోకూడదు. తిన్నాక గొంతు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు బురబురలాడటం, అన్నం బుగ్గలో మిగిలిపోవడం, చొంగ కారడం, అప్పుడప్పుడు సాయంత్రం వేళ జ్వరం... ఇవి ఆ ఇంటివాళ్లు గమనించవలసిన సంగతులు. ఇంకొక మాట మరీ ముఖ్యం. కొందరికి దగ్గు రానే రాదు. గొంతులో స్పర్శ పోయి, నీళ్లు చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. 'మా నాన్నకు దగ్గు లేదండీ, బాగానే తాగుతున్నారు' అన్న మాటను అందుకే పూర్తిగా నమ్మడానికి లేదు.

పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో ఇంచుమించు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. మా సంఘంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారుకు అలాగే జరిగింది. ఊరంతా 'మాస్టారు' అనే పిలుస్తారు, నేనూ అంతే. ఒక తెల్లవారుజామున కుడి చేయి పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట తడబడింది. ఆసుపత్రిలో చేర్చారు. నోటికి ఏమీ ఇవ్వొద్దని నర్సు గట్టిగానే చెప్పింది. కానీ రెండో రోజు ఊరినుంచి బంధువులొచ్చారు. పెదవులు ఎండిపోయి ఉన్న మనిషిని చూసి ఏ తల్లి మనసు ఆగుతుంది? వరసకు పిన్ని అయిన పెద్దావిడ, ప్రార్థన చేసుకుని మరీ, నాలుగు చెంచాల కొబ్బరినీళ్లు పోసింది. మూడో రోజుకు జ్వరం, ఆయాసం. ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. పక్షవాతం కంటే ఆ నిమోనియాయే ఆయనను పది రోజులు చావుబతుకుల మధ్య ఉంచింది.

ఆ పెద్దావిడను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. దాహమన్నవారికి చన్నీళ్లు ఇవ్వమనే కదా ప్రభువు మనకు నేర్పింది! అయితే ఇక్కడ ప్రేమకు కాస్త తెలివి తోడవ్వాలి. పక్షవాతం అనుమానం ఉన్న మనిషికి, మింగగలడో లేదో పరీక్షించే వరకు, నీళ్లు గానీ పాలు గానీ మాత్ర గానీ నోటి ద్వారా ఇవ్వకూడదు. వైద్యులు ఇచ్చే తొలి హెచ్చరికల్లో ఇదొకటి. ఆసుపత్రిలో ఆ పరీక్ష మంచం దగ్గరే కొద్దిసేపట్లో చేస్తారు. అనుమానం మిగిలితే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా పంపి గొంతును చూస్తారు. అడిగి చేయించుకోండి. పరీక్ష అయ్యేవరకు, అది కూడా నర్సును అడిగి, తడి గుడ్డతో పెదవులు తుడవడం వరకే మన సేవ.

ఈ పరీక్షలో తప్పినవారికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తారు. మన ఆసుపత్రుల్లో దాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. 1921లో కడుపులోని రసాలను పరీక్షించడానికి సన్నని గొట్టం వాడిన జాన్ రైల్ అనే లండన్ వైద్యుడి పేరది. చాలా వారాలు పట్టేలా ఉంటే ఎండోస్కోపీ సాయంతో పొట్ట మీదనుంచే గొట్టం అమరుస్తారు. ఈ పద్ధతిని మొదటిసారి 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక పసిబిడ్డకు చేశారు. గొట్టం చూడగానే మనవాళ్లకు గుండె జారిపోతుంది. 'ముక్కులో గొట్టం పెట్టారంటే ఇక అయిపోయినట్టే' అని ఊళ్లో చెప్పుకుంటారు. అది నిజం కాదు. పక్షవాతం వచ్చిన వారిలో చాలామందికి మింగే శక్తి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. ఆ వారాల్లో ఒంట్లోకి తిండి, నీళ్లు, మందు చేరాలి కదా! గొట్టం అందుకు. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవుడు దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టించాడు (1 రాజులు 19). బోధ, మందలింపు, కొత్త పని అన్నీ ఆ తరువాతే.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. కొన్ని స్వస్థత కూటాల్లో 'విశ్వాసముంటే ఆ గొట్టం పీకి పారేయి, ఈ నీళ్లు తాగు' అని స్టేజీ మీద రోగిని ఒత్తిడి చేయడం నేను కళ్లారా చూశాను. ఎవరు, ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం. దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను, ముప్ఫై ఏళ్లుగా అదే ప్రకటిస్తున్నాను. కానీ దేవాలయ శిఖరం మీదనుంచి దూకు, దూతలు పట్టుకుంటారన్న మాట ఎవరు అన్నారో, దానికి ప్రభువు ఏమని జవాబిచ్చాడో మత్తయి నాలుగో అధ్యాయం తీసి చదవండి. యాయీరు కూతుర్ని ప్రభువు చావులోంచి లేపాడు. అంత అద్భుతం జరిగాక కూడా ఆయన చెప్పిన మాట, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని (మార్కు 5:43). అందరూ ఆశ్చర్యంతో నోరు తెరిచి నిలబడి ఉంటే, పిల్ల ఆకలి గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడే. స్వస్థత ఇచ్చేవాడికి శరీరపు అవసరాలంటే చులకన లేదు.

మింగడం ఎలా తిరిగి వస్తుందన్నది తెలిస్తే ఓపిక పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో షాహీన్ హమ్డీ అనే వైద్యుడు, ఆయన బృందం పక్షవాత రోగుల మెదళ్లను పరిశీలించి 1998లో ఒక సంగతి ప్రచురించారు. మింగే పనిని మెదడులో రెండు వైపులూ చూసుకుంటాయి, అయితే సాధారణంగా ఒక వైపుది పెత్తనం. ఆ పెత్తనం చేసే వైపు దెబ్బతింటే గుటక పడదు. కోలుకున్నవారిలో ఏం జరిగిందంటే, దెబ్బతగలని రెండో వైపు క్రమంగా ఆ పనిని తన మీద వేసుకుంది! ఇది చదివినప్పుడు నాకు పౌలు కొరింథీయులకు శరీరం గురించి, అవయవాల గురించి రాసిన పన్నెండో అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. ఒక అవయవం బాధపడితే తక్కినవన్నీ దానితో బాధపడతాయన్నాడు ఆయన. దానికి పదిహేను నెత్తురు చుక్కలంత దగ్గరగా మన తలలోనే ఒక సాక్ష్యం ఉందన్నమాట. అయితే ఆ రెండో వైపు పని నేర్చుకోవడానికి సమయం కావాలి, సాధన కావాలి.

సాధన చేయించేవారు స్పీచ్ థెరపిస్టులు. పేరు చూసి మాటలు నేర్పేవారే అనుకుంటాం కానీ మింగడం నేర్పడం కూడా వారి చదువులో భాగమే. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువులకు పెద్ద కేంద్రం. మనకు దగ్గరలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. పెద్దాసుపత్రుల్లోనూ థెరపిస్టులు ఉంటారు. వారు చెప్పే కసరత్తులు చూడటానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. గుటక సగంలో గొంతు ముడిని పైనే రెండు క్షణాలు ఆపి ఉంచడం, బలమంతా పెట్టి మింగడం, నాలుకను అంగిలికి నొక్కిపెట్టడం. రెజా షేకర్ అనే అమెరికా వైద్యుడి పేరు మీద ఉన్న కసరత్తులో వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా తల మాత్రం ఎత్తి కాలివేళ్ల వైపు చూడాలి. ఒక నిమిషం చొప్పున మూడుసార్లు, ఆపైన ఎత్తి దించడం ముప్ఫైసార్లు, రోజుకు మూడు పూటలా, ఆరు వారాలు! మెడనొప్పి, గుండెజబ్బు ఉన్నవారికి ఇది సరిపడకపోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనించి మింగడం కూడా కొందరికి మేలు, కొందరికి కాదు. ఎవరికి ఏది అన్నది పరీక్షించినవారే చెప్పాలి. పక్కింటివారికి పనిచేసిందని మీ నాన్నగారి చేత చేయించకండి.

ఇక తిండి సంగతి. మన వంటిళ్లలో జబ్బు మనిషి అనగానే చారన్నం, మజ్జిగన్నం. తేలిగ్గా అరుగుతాయని నమ్మకం. నిజానికి మింగలేని మనిషికి చారన్నం చాలా కష్టమైన తిండి. ఎందుకంటే అందులో రెండు రకాలున్నాయి, పలచని చారు, విడివిడి మెతుకులు. మెతుకులు నమిలేలోపు చారు ముందే గొంతులోకి పరుగెత్తుతుంది, మూత ఇంకా పడి ఉండదు. నీళ్లకు ఆ వేగం ఉంది కాబట్టే నీళ్లు కష్టం. పొడి ఇడ్లీ పొడిపొడిగా రాలుతుంది. అటుకులు, మరమరాలు, జంతికలు చెప్పనే అక్కర్లేదు. ఇక ఆసుపత్రికి చూడబోయేవాళ్లు తీసుకెళ్లే బ్రెడ్డు ప్యాకెట్టు! బ్రెడ్డు నోట్లో తడిసి బంకలా ముద్దకట్టి గొంతులో అంటుకుంటుంది. పరామర్శకు వెళ్లేటప్పుడు దయచేసి అది మానేయండి. ఏమీ తీసుకెళ్లకపోతే బాగుండదనుకుంటే నాలుగు మెత్తని చేతిరుమాళ్లు తీసుకెళ్లండి. చొంగ కారే మనిషికి వాటి విలువ తెలుస్తుంది.

ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలన్నదానికి ఇప్పుడు ప్రపంచమంతటా ఒకే కొలమానం ఉంది. మామూలు నీళ్లు 0, మామూలు భోజనం 7, మధ్యలో మెట్లు. థెరపిస్టు ఏ మెట్టు చెప్పారో అడిగి రాసుకోవాలి. ఇంట్లో పరీక్షించడానికి సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి చాలు. వెనక పిడి లాగేసి, కింది రంధ్రం వేలితో మూసి, పైదాకా జావ పోసి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టండి. లోపల 1 నుంచి 4 మి.లీ. వరకు మిగిలితే అది కొద్దిగా చిక్కన, 4 నుంచి 8 వరకు మిగిలితే ఓ మోస్తరు, 8 దాటితే బాగా చిక్కన. మాస్టారి భార్య మా అందరి కళ్లముందే ఇందులో ఆరితేరింది. రాగిజావ వేడిగా ఉన్నప్పుడు ఒక లెక్క, చల్లారాక ఇంకో లెక్క అని ఆవిడే కనిపెట్టింది. ఇంకొక చిన్న సంగతి ఉంది. ఎంగిలి చెంచాను గిన్నెలో మళ్లీ మళ్లీ ముంచుతుంటే, ఉమ్మిలోని రసాలు పిండిపదార్థాన్ని కరిగించేస్తాయి, చిక్కని గంజి తినేలోపే పలచబడిపోతుంది. గిన్నెలో ఉన్నది గిన్నెలో ఉంచి, కొద్దికొద్దిగా వేరే కప్పులో పోసుకుని తినిపించాలి. చిక్కగా ఇచ్చినప్పుడు మనిషి తక్కువ తాగుతాడు, అదొక చిక్కు. ఒంట్లో నీళ్లు తగ్గకుండా రోజంతటి లెక్క ఒక కాగితం మీద రాయాలి. మాత్రలు ఇష్టమొచ్చినట్టు నూరి కలపకూడదు. కొన్ని మాత్రలు నూరితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. డాక్టరును అడగండి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. టీవీ ఆపాలి. నవ్వించకూడదు, ప్రశ్నలు అడగకూడదు. ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది. నిలబడి తినిపిస్తే రోగి తల పైకెత్తాల్సి వస్తుంది, తల ఎత్తితే ప్రమాదం, కాబట్టి పక్కన కూర్చోండి. మనబోటి పాస్టర్లకు ఒక విన్నపం. పళ్లెం ముందు పెట్టాక భోజన ప్రార్థన పదిహేను నిమిషాలు చేయకండి! ఆ మనిషికి ఉన్న ఓపికంతా కూర్చోవడానికే అయిపోతుంది, జావ గట్టిపడుతుంది.

నోరు కడగడం గురించి ఎవరూ ప్రసంగించరు గానీ ప్రాణాలు కాపాడే పని అది. నోట్లో పేరుకున్న పాచిలోని క్రిములే ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము తెస్తాయి. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. రెండేళ్లలో, ప్రతి భోజనం తరువాత శ్రద్ధగా పళ్లు తోమి నోరు శుభ్రం చేసిన వృద్ధుల్లో నూటికి 11 మందికి నిమోనియా వస్తే, అలా చేయనివారిలో 19 మందికి వచ్చింది. గొట్టం ద్వారా తినేవారికి నోరు కడగనక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు, వారికి ఇంకా ఎక్కువ అవసరం. అల్లుడైనా కొడుకైనా చేతికి గ్లవుజు వేసుకుని మెత్తని బ్రష్షు పట్టుకోవచ్చు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువుకు ఇది చిన్న పని అనిపించి ఉండదు.

మరో రకం ఇబ్బంది ఉంది, దాన్ని దీనితో కలపకండి. ముద్ద గొంతు దాటి ఛాతీలో అడ్డం పడ్డట్టు ఉండటం, మొదట అన్నం, తరువాత జావ, చివరికి నీళ్లు కూడా దిగకపోవడం, బరువు తగ్గడం. చుట్ట, బీడీ, సారా అలవాటున్న మనిషిలో ఇది కనబడితే ఉపవాస ప్రార్థన ముగిశాక చూద్దామని వాయిదా వేయకుండా ఎండోస్కోపీ చేయించాలి. కేన్సర్ అయితే ప్రతి వారమూ విలువైనదే.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. మింగలేని విశ్వాసికి ఇంట్లో అన్నం పోగొట్టుకోవడం ఒక దుఃఖమైతే, ప్రభురాత్రి భోజనానికి దూరమవడం ఇంకో దుఃఖం. పొడి రొట్టెముక్క, పలచని ద్రాక్షరసం. థెరపిస్టులు వద్దనేవి సరిగ్గా ఈ రెండే! మాస్టారు ఇంటికొచ్చాక మొదటి ఆదివారం నేను వెళితే, సగం సగం మాటల్లో, 'అయ్యగారూ, నన్ను బల్లనుంచి వెలివేశారా' అని అడిగారు. నవ్వుతూనే అడిగారు, ఎడమ కంట్లో మాత్రం నీళ్లు తిరిగాయి.

సంఘ చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. మూడో శతాబ్దం నడుమ, డెసియస్ చక్రవర్తి హింసల తరువాత, అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ రాసిన ఉత్తరంలో సెరాపియోను అనే వృద్ధుడి కథ ఉంది. సంఘ చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని భద్రపరిచాడు. హింసకు లొంగి బలి అర్పించిన ఆ ముసలాయన, క్షమాపణ కోసం ఎంత బతిమాలినా ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడి మూడు రోజులు మాట పడిపోయింది. నాలుగో రోజు కాస్త తెలివి వచ్చి, కూతురి కొడుకును పెద్ద దగ్గరికి పంపాడు. అర్ధరాత్రి. ఆ పెద్ద కూడా జబ్బుతో మంచం మీదే ఉన్నాడు, రాలేకపోయాడు. కుర్రాడి చేతికి చిన్న రొట్టెముక్క ఇచ్చి, దాన్ని తడిపి తాత నోట్లో చుక్కలుగా వెయ్యమన్నాడు. కుర్రాడు అలాగే చేశాడు. కొద్దిగా మింగి ఆ ముసలాయన కన్నుమూశాడు. తడిపి వెయ్యమన్న ఆ మాటలో ఎంత కనికరం ఉందో చూడండి!

అన్నిచోట్లా అంత కనికరం లేదు. స్పెయిన్‌లోని తొలేడో నగరంలో క్రీ.శ. 400లో కూడిన సభ, సంస్కారం తీసుకుని మింగనివారిని దైవద్రోహులుగా వెలివేయాలని కట్టడి చేసింది. పవిత్రమైనదాన్ని దాచుకుపోయి దుర్వినియోగం చేస్తారన్న భయం కావచ్చు. కానీ దానివల్ల నోరెండిపోయి మింగలేక బయటికి వచ్చేసిన రోగులు కూడా దోషులయ్యే పరిస్థితి వచ్చింది. అదే నగరంలో 675లో కూడిన మరో సభ ఆ ముడి విప్పింది. చావు దగ్గరపడి నోరెండిపోయినవారు ద్రవం తప్ప ఏదీ పుచ్చుకోలేరనీ, జబ్బువల్ల మింగలేకపోయినవారిని శిక్షించకూడదనీ తేల్చింది. 275 ఏళ్లు పట్టింది, ఒక గుటక అర్థం కావడానికి. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా పుస్తకం ఇంకా ముందుకు వెళ్లింది. జబ్బు తీవ్రత వల్ల నోటితో తీసుకోలేని మనిషి నిజంగా పశ్చాత్తాపపడి క్రీస్తును నమ్ముకుని కృతజ్ఞతతో ఉంటే, నోటితో తీసుకోకపోయినా ఆయన శరీర రక్తాలలో పాలుపొందినట్టేనని రోగికి చెప్పమని పాదిరికి ఆదేశమిచ్చింది. ఆంగ్లికన్లు కూడా కలిసి 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికే కాదు, బాప్టిస్టులకైనా లూథరన్లకైనా ఈ మాట మేలు చేసేదే.

నేను మాస్టారుకు మొదటి నెల ఆ మాటే చెప్పాను. ముక్కున గొట్టం ఉంది, నోటికి చుక్క ఇవ్వడానికి లేదు. రొట్టె విరిచి, గిన్నె ఎత్తి చూపించి, ఆయన ఎడమ అరచేతిలో నా చేయి పెట్టి ప్రార్థించాను. ఆయన భార్య మాత్రం తీసుకుంది. రెండున్నర నెలలకు గొట్టం తీశారు. చిక్కనివి చెంచాతో ఇవ్వొచ్చని థెరపిస్టు రాసిచ్చింది. అప్పుడు మా సంఘ పెద్దల సమావేశంలో చిన్న చర్చ జరిగింది. ద్రాక్షరసంలో చిక్కబరిచే పొడి కలపవచ్చా, అది ద్రాక్షరసమే అవుతుందా అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే, భక్తితో అడిగిందే. చర్చిలో మనం వాడే ద్రాక్షరసంలో ఎన్ని నీళ్లు, ఎంత పంచదార కలుపుతామో వంటగదిలోకి వెళ్లి చూడండని మరో పెద్ద అనేసరికి అందరూ నవ్వారు. యేసుప్రభువు బలహీనుల కోసం వేసిన బల్ల ఇది, బలహీనత తగ్గాక రమ్మని అందామా అని నేను అడిగాను. తీర్మానం రాయకుండానే విషయం తేలిపోయింది.

కొరింథు సంఘంలో బల్ల దగ్గర జరిగిన గందరగోళం మనకు తెలుసు. ముందొచ్చినవాళ్లు తినేసేవారు, వెనకొచ్చిన పేదలకు మిగిలేది కాదు. పౌలు వారికి అంత వేదాంతం బోధించి, చివర చెప్పిన ఆచరణ ఒక్కటే. భోజనానికి కూడుకున్నప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు (1 కొరింథీ 11:33).

మూడో నెల మొదటి ఆదివారం మాస్టారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. గుంపులో అందరి ముందూ కాకుండా పక్క వరండా వైపు కూర్చోబెట్టాం. నత్తివాడైన చెవిటివాణ్ణి ప్రభువు జనసమూహంలోంచి పక్కకు తీసుకెళ్లి ముట్టాడని మార్కు రాశాడు కదా (మార్కు 7:33), మనిషికి కాస్త మరుగు కావాలి. సిరంజితో కొలిచి చిక్కబరిచిన రసాన్ని ఆయన భార్యే ఇంటినుంచి చిన్న డబ్బాలో తెచ్చింది. గోరంత రొట్టెను అందులో నానబెట్టి పూర్తిగా మెదిపాం. చెంచా అంచున ఉన్నంత. ఆయన కళ్లు మూసుకుని నోట్లో ఉంచుకున్నారు. గొంతు ముడి కదల్లేదు. పాట రెండు చరణాలూ అయిపోయాయి. గాయకబృందం నాయకురాలు నా వైపు చూసింది, మళ్లీ మొదటినుంచి అందుకోమని సైగ చేశాను. పల్లవి సగంలో ఉండగా గొంతు ముడి పైకి లేచి దిగింది. దగ్గు రాలేదు. థెరపిస్టు చెప్పినట్టు ఆయన భార్య 'ఏదీ, ఆ అనండి' అని అడిగింది, గొంతులో తడి మిగిలిందేమో వినడానికి. 'ఆ' అన్నారు. స్వరం పొడిగానే ఉంది.

ఆరాధన ముగిశాక వందనాలు చెబుతూ దగ్గరికి వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని, కాఫీ ఎప్పుడు తాగనిస్తారో డాక్టరమ్మను అడగమన్నారు. ఆవిడ ఇంకో నెల అంటోందని వాళ్లావిడ చెబితే, మాస్టారు తల అడ్డంగా ఊపి, 'పదిహేను రోజులు' అని బేరం మొదలుపెట్టారు.